చెత్త ఎక్కడికి పోతుంది?

(స్వర్ణోత్సవ సభలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నీకు బాగా తెలిసిన విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. నాకు బాగా తెలిసిన విషయం ఒక్కటే. ముప్ఫై ఏళ్లకు పైగా పురపాలక శాఖలో ఇంజనీరుగా చేశాను. అందులో ఎక్కువ కాలం చెత్త పనే. "భోజనాల ముందు చెత్త గురించి ఏమిట్రా" అని మా బ్యాచ్ వాళ్లు నిన్న రాత్రే ఆట పట్టించారు. భోజనాల ముందే చెప్పాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

మనం 'పారేశాం' అంటాం. ఇంటి గుమ్మం దాటితే చాలు, పారేసినట్టే లెక్క. కానీ నగరానికి పారేయడం అనే పని లేదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చడమే ఉంది. మన గుమ్మం ముందు నుంచి పోయినది ఇంకెవరి గుమ్మం ముందుకో చేరుతుంది. మీలో చాలామంది హైదరాబాదులో ఉంటున్నారు కాబట్టి అక్కడి సంగతే చెబుతాను. ఆ నగరంలో రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త వస్తుంది. లారీకి పది టన్నుల చొప్పున వేసుకున్నా రోజూ ఏడు వందల లారీలు. ఒకప్పుడు దాన్ని వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో పోసేవారు. అప్పట్లో అది ఊరి బయట. ఊరు పెరిగి దాని చుట్టూ ఇళ్లు వచ్చాయి. ఆ తరవాత జవహర్‌నగర్‌కు మార్చారు. సుమారు 350 ఎకరాల స్థలం. అదీ అప్పట్లో ఊరి బయటే. ఇప్పుడు దమ్మాయిగూడ, నాగారం కాలనీల వాళ్లను అడగండి, గాలి ఎటు వీస్తే వాసన ఎటు వస్తుందో చెబుతారు. పక్కనే మల్కారం చెరువు. చెత్తగుట్ట నుంచి కారిన నల్లటి నీళ్లు అందులోకి చేరి చెరువు రంగే మారిపోయింది. తరవాత ఆ చెత్తగుట్టకు పొరలు వేసి, మట్టి కప్పారు. చెరువు నీటిని శుద్ధి చేయడానికి యంత్రాలు పెట్టారు. ఎంత ఖర్చు, ఎంత శ్రమ! అదంతా కలిసిపోయిన చెత్త చేసిన నష్టాన్ని సరిచేయడానికి పెట్టిన ఖర్చే.

చెత్తగుట్టలో జరిగేది ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. సైన్సు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పు చెబితే అక్కడే దిద్దాలి. అన్నం, కూరగాయల తొక్కలు గాలి తగిలే చోట ఉంటే కుళ్లి ఎరువు అవుతాయి. అవే తొక్కలు ప్లాస్టిక్ సంచిలో కట్టి, వాటి మీద ఇంకో వంద సంచులు పడేస్తే గాలి ఆడదు. అప్పుడు పుట్టేది మీథేన్. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కంటే ఇరవై ఎనిమిది రెట్లు బలమైనది. పైగా మండుతుంది. డంపింగ్ యార్డుల్లో ఎండాకాలం నిప్పు ఎవరూ పెట్టకుండానే అంటుకోవడానికి ఇదొక కారణం. వానాకాలం వస్తే నీళ్లు గుట్ట లోపలికి దిగి, కుళ్లినదాన్నీ, బ్యాటరీల్లోని సీసాన్నీ, రంగు డబ్బాల్లోని రసాయనాలనూ కలుపుకుని కిందికి కారుతాయి. మేం దాన్ని లీచేట్ అంటాం. అది బోరు నీళ్లలో కలిస్తే మళ్లీ విడదీయడం ఎవరి తరమూ కాదు.

ఇది ఒక్క హైదరాబాదు కథే అనుకోకండి. 2017 సెప్టెంబరు 1న ఢిల్లీలోని గాజీపూర్ చెత్తగుట్ట వానకు విరిగి పక్కనున్న రోడ్డు మీద పడింది. అటుగా పోతున్న బండ్లు కాలవలో పడి ఇద్దరు చనిపోయారు. 2023 మార్చిలో కొచ్చిలోని బ్రహ్మపురంలో చెత్తకు నిప్పంటుకుంటే ఆర్పడానికి పది రోజులకు పైగా పట్టింది. ఆ పొగలో పిల్లలకు బడులు మూసేశారు. చదువుల్లో దేశానికే ముందున్న రాష్ట్రం అది. చదువు ఎక్కువైతే చెత్త తగ్గుతుందన్న నమ్మకం మనకు వద్దు. చాలాచోట్ల చదువుకున్నవాళ్లు ఉన్న కాలనీల నుంచే చెత్త ఎక్కువ వస్తుంది, ఎందుకంటే కొనేదీ వాళ్లే ఎక్కువ.

మరి యంత్రాలతో కాల్చేసి కరెంటు తీస్తే పోదా అని చాలామంది అడుగుతారు. అమెరికా నుంచి వచ్చిన మన మిత్రులు నిన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. కథ చెబితే తొందరగా అర్థమవుతుంది. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ యంత్రాలతో ఒక ప్లాంటు కట్టారు. రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి కరెంటు తీయాలని ఉద్దేశం. అది 21 రోజులు నడిచి ఆగిపోయింది. యంత్రంలో లోపం లేదు. మన చెత్త మండలేదు. వాళ్ల చెత్తలో కాగితం, అట్టలు ఎక్కువ. మన చెత్తలో సగం దాకా తడి, దానికి తోడు ఊడ్చిన మట్టి. తడి కట్టెతో పొయ్యి వెలిగించి చూసినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ మధ్య వచ్చిన ప్లాంట్లు నయం. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో ఒకటి మొదలైంది. కానీ అక్కడ కూడా ముందు తడిని ఆరబెట్టాలి, మట్టిని జల్లించాలి, గాజును తీసేయాలి. కాల్చాక బూడిద మిగులుతుంది, పొగను వడకట్టాలి. ఇంట్లో రెండు నిమిషాల్లో అయ్యే పనిని కోట్లు పెట్టి యంత్రాలతో చేయించడం అన్నమాట. అది కూడా సగమే అవుతుంది.

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. అరటి తొక్క చెత్త కాదు, ఎరువు. పాల ప్యాకెట్ చెత్త కాదు, కడిగి ఆరబెడితే తుక్కు కొట్టువాడు కొనుక్కుంటాడు. ఈ రెండూ ఒకే సంచిలో పడిన క్షణంలో చెత్త పుడుతుంది. తొక్కలో ప్లాస్టిక్ ముక్కలు కలిస్తే ఎరువుకు పనికిరాదు. ప్యాకెట్‌కు పప్పు అంటుకుంటే కొట్టువాడు ముట్టుకోడు. అంటే చెత్త పుట్టేది మన వంటింట్లో, మన చేతుల్లో. దాన్ని ఆపగలిగేదీ అక్కడే.

ఇందులో కొత్త ఏమీ లేదు. మనం చదువుకునే రోజుల్లో ఇళ్ల నుంచి పెద్దగా బయటికి పోయేదే ఉండేది కాదు. తొక్కలు గేదెకు, పేడ పెంటకుప్పకు, పెంట పొలానికి. పాత ఇనుముకు ఉల్లిపాయలు ఇచ్చేవాడు వీధిలోకి వచ్చేవాడు. పాత చీరలకు స్టీలు గిన్నెలు వచ్చేవి. మా అమ్మ ఒక జరీ చీరకు రెండు గిన్నెలూ ఒక గరిటా కావాలని పూట పూటంతా బేరం ఆడేది. పోయిన ఏడాది పుస్తకాలు సగం ధరకు కింది తరగతి వాళ్లకు అమ్మేవాళ్లం. అలాగని అవి బంగారు రోజులని నేను అనను. మన ఊళ్లోనే తెల్లవారుజామున మరుగుదొడ్ల మలాన్ని తట్టలో నెత్తిన ఎత్తుకుపోయిన ఆడవాళ్లను మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఆ ఊరి శుభ్రత వాళ్ల నెత్తిన నడిచింది. పాతకాలం నుంచి తీసుకోవాల్సింది విడివిడిగా ఉంచే అలవాటు ఒక్కటే. ఇంకొకరి నెత్తిన వేసే అలవాటును అక్కడే వదిలేయాలి.

శుభ్రత విషయంలో ఊరు మారదని నిరాశ పడేవాళ్లకు నేను ఎప్పుడూ సూరత్ సంగతి చెబుతాను. మన తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి కాబట్టి అది మనకు పరాయి ఊరు కాదు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వచ్చింది. లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. వానలకు మురుగు పొంగి, వీధుల్లో చెత్త పేరుకుపోయిన తరవాత వచ్చిన జబ్బు అది. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు గారు అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. అధికారులందరూ రోజూ కొంతసేపు ఆఫీసు వదిలి వీధుల్లో ఉండాలని నియమం పెట్టారు, తానూ తిరిగారు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్ పేరు చెప్పుకోవడం మొదలైంది.

ఇంకా దగ్గరికి వస్తే మన సూర్యాపేట. 2003 ప్రాంతంలో ఖాదర్ సాహెబ్ గారు అక్కడ కమిషనర్. ఉన్న చెత్తకుండీలను తీయించేశారు. కుండీ ఉంటే కదా అందులో కలిపి పడేసేది! ఇంటింటికీ బండి పంపించి, తడి, పొడి వేరువేరుగా తీసుకున్నారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్త అమ్ముడుపోయింది. దేశం నలుమూలల నుంచి మున్సిపాలిటీల వాళ్లు వచ్చి చూసి వెళ్లారు. స్వచ్ఛ భారత్ మొదలుకావడానికి పదేళ్ల ముందు, సుమారు లక్ష జనాభా ఉన్న ఊళ్లో జరిగిన పని ఇది.

ఛత్తీస్‌గఢ్‌లో అంబికాపూర్ కూడా ఆ పాటి ఊరే. అక్కడ మహిళా సంఘాల వాళ్లు ఇంటింటికీ తిరిగి చెత్త తెచ్చి, కేంద్రాల్లో కూర్చుని రకరకాలుగా వేరుచేసి అమ్ముతారు. ఊరి డంపింగ్ యార్డు ఇప్పుడు పార్కు. పెద్ద ఊరి ఉదాహరణ కావాలంటే ఇండోర్. 2017 నుంచి 2023 దాకా స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఏటేటా మొదటి స్థానం దాన్ని వరించింది. అక్కడి చెత్తబండిలో అరలు ఉంటాయి. కలిపి తెస్తే తీసుకోరు. తడి చెత్త నుంచి గ్యాసు తీసే ప్లాంటు 2022లో మొదలైంది, రోజుకు 550 టన్నులు పట్టే సామర్థ్యం. ఆ గ్యాసుతో సిటీ బస్సులు తిరుగుతున్నాయి. తిమార్‌పూర్‌లో ఆగిపోయిన కథ ఇండోర్‌లో నడిచిందంటే కారణం ఒక్కటే. ఇండోర్‌లో ప్లాంటు గేటు దగ్గరికి వచ్చే చెత్త అప్పటికే ఇళ్లలో వేరై వస్తోంది.

ఇక్కడ మీరు వేయబోయే ప్రశ్న నాకు తెలుసు. ఎక్కడ మాట్లాడినా వస్తుంది. "మేం వేరుచేసి ఇస్తాం, మీ వాళ్లు బండిలో కలిపేస్తారు, ఇంకెందుకు?" నిజమే. చాలా ఊళ్లలో అలాగే జరుగుతోంది. హైదరాబాదులో 2015లో ఇంటికి రెండేసి డబ్బాలు ఇచ్చారు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. కొన్నాళ్లకు చాలా ఇళ్లలో ఒకటి బియ్యం డబ్బా అయింది, ఒకటి నీళ్ల డబ్బా అయింది. డబ్బాలు ఇస్తే చాలదు, బండిలో అరలుండాలి, ఆ అరల నుంచి పోయే దారులు వేరుగా ఉండాలి. ఇది మున్సిపాలిటీ బాధ్యత. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు ఈ సంగతి స్పష్టంగా చెప్పాయి. ఇంటివాళ్లు తడి, పొడి, ప్రమాదకరమైనవి వేరుగా ఇవ్వాలని, మున్సిపాలిటీ వేరుగానే తీసుకోవాలని అవి చెప్పాయి. రెండు వైపులా బాధ్యత ఉంది. మనం వేరుచేసి ఇస్తేనే, "ఎందుకు కలిపారు" అని నిలదీసే హక్కు మనకు వస్తుంది. కలిపి ఇచ్చేవాడికి అడిగే నోరుండదు. అంతదాకా కూడా ఆగక్కర్లేదు. తడి చెత్తను పెరట్లోనే ఎరువు చేసుకుంటే బండిలో కలిపేందుకు అది మిగలదు కదా.

ఇంకో కారణం ఉంది. ఒక ఊళ్లో పనిచేసేటప్పుడు ఉదయం ఐదింటికి బండ్ల వెంట తిరిగేవాణ్ణి. ఒక పారిశుద్ధ్య కార్మికురాలు, నాకంటే పెద్దావిడ, ఇలా అంది: "సార్, ఏ వీధిలో జొరాలున్నయో డాక్టరు కంటే ముందు మాకే ఎరుక. సంచుల్ల సూదులు ఎక్కువైతయి." ఆ మాట అంటూనే చెయ్యి చూపించింది. అరచేతి నిండా గీతలు. గాజు పెంకులు, బ్లేడ్లు, సూదులు. గ్లవ్స్ ఇవ్వలేదా అని అడిగాను. ఇచ్చారు, కానీ సూదికి గ్లవ్స్ అడ్డమా! డైపర్లు, ప్యాడ్లు అన్నం మెతుకుల మధ్య నుంచి చేత్తో ఏరేది ఆవిడే. మనం చదువుకున్న బడిలో పరిశుభ్రత మీద వ్యాసాలు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి గుర్తు పెట్టి ఇవ్వడం, విరిగిన గాజును అట్టపెట్టెలో పెట్టి చెప్పి ఇవ్వడం అంత పెద్ద వ్యాసమేమీ కాదు. ఆ చేతికి గీత పడకుండా ఉండేందుకు అది చాలు.

ఇక మన ఊరి సంగతి. నిన్న సాయంత్రం బడి వెనక గట్టు మీదికి నడిచి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. చెరువు అలుగు పక్కన ట్రాక్టర్లు చెత్త పోయడం మొదలైంది. ఇంకా చిన్న దిబ్బే. ప్రతి పెద్ద గుట్టా అలాగే మొదలైంది. హైదరాబాదును ఇప్పుడు బాగుచేయడానికి కోట్లు కావాలి. మన ఊరికి ఇంకా అంత అవసరం రాలేదు. పదేళ్ల తరవాత సంఘం వజ్రోత్సవానికి వచ్చేసరికి ఆ దిబ్బ ఎంత ఉంటుందో మనం ఈ ఏడాది చేసే పనిని బట్టి ఉంటుంది. ఆ చెరువు కింది బోరు నీళ్లే మన బడి పిల్లలు తాగుతున్నారు. ఈ మాట మరిచిపోవద్దు.

అందుకే సంఘం కార్యవర్గాన్ని మూడు కోరికలు కోరుతున్నాను. ఒకటి. ఈ బడి ప్రాంగణంలో ఉన్న వేప, చింత చెట్ల ఆకు ఏటా కుప్ప పోసి తగలబెడుతున్నారు. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు బయటికి పోతున్నాయి. ఇవి రెండూ కలిస్తేనే మంచి ఎరువు. ఒక వంతు తడికి రెండు వంతుల ఎండు ఆకు వేయాలి, వారానికోసారి తిరగేయాలి, పిండితే నీరు కారనంత తడి ఉంచాలి. రెండు, మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. కుప్పలో చెయ్యి పెడితే వేడిగా ఉండాలి, అదే పిల్లలకు సైన్సు పాఠం. ఇటుకలతో జాలీ తొట్లు మూడు కట్టిస్తే చాలు. ఆ ఖర్చు మా 1983 బ్యాచ్ పెట్టుకుంటుంది. మావాళ్లను ఇప్పుడే అడిగి చెబుతున్నాను కాబట్టి కాదనరు.

రెండు. మున్సిపాలిటీకి సంఘం తరఫున ఒక విన్నపం రాద్దాం. చెరువు పక్కన పోయడం ఆపి, తడి, పొడి వేరుచేసే షెడ్డుకు స్థలం చూడమని. సంతకాలు పెట్టి ఊరుకోవడం కాకుండా, ఊళ్లోనే ఉన్న మన పూర్వ విద్యార్థులు ముగ్గురు నెలనెలా వెళ్లి అడగాలి. అధికారులు బదిలీ అవుతారు, ఊరివాళ్లు బదిలీ కారు. ఒక్క మంచి అధికారి మీద ఆధారపడిన పని ఆయనతోనే వెళ్లిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. వెంటపడి అడిగే ఊరుంటే అది నిలుస్తుంది.

మూడు. భోజనాల ముందే ఎందుకు మాట్లాడానో ఇప్పుడు చెబుతాను. ఆ 2016 నియమాల్లోనే ఇంకో మాట కూడా చెప్పారు. లైసెన్సు లేని చోట వందమందికి మించి జనంతో కార్యక్రమం జరిపితే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలని, చెత్త వేరుచేసి అప్పగించాలని. మనం ఎనిమిది వందల మందిమి ఉన్నాం. కార్యదర్శి గారు ముందే చెప్పారు, రసీదు కూడా తీసుకున్నారు. ఈ రోజు భోజనం మోదుగాకు విస్తర్లలో. నీళ్లు స్టీలు గ్లాసుల్లో, ప్లాస్టిక్ సీసాలు లేవు. బయటికి వెళ్లే దారిలో మూడు పెద్ద డబ్బాలు ఉన్నాయి. విస్తరి, మిగిలిన అన్నం మొదటి దాంట్లో. కాగితం, అట్టలు రెండో దాంట్లో. మూడోది ఈ రెండిట్లోనూ పడనిదానికి. తొమ్మిదో తరగతి పిల్లలు పక్కన నిలబడి ఉంటారు. మనం తప్పు డబ్బాలో వేస్తే, "అంకుల్, అది కాదు, ఇది" అంటారు. వాళ్ల మాట వినండి. రిటైరైన మాస్టార్లు కూడా ఈ ఒక్క రోజుకు వాళ్ల మాట వినాలని నా మనవి.

వడ్డించుకునేటప్పుడు తినగలిగినంతే పెట్టించుకోండి. పూర్ణం బూరెలు ఉన్నాయని విన్నాను, వాటి విషయంలో మాత్రం నేను హామీ ఇవ్వలేను.